క్వార్టర్ రేటు పెంచితే తాగుడు తగ్గుతుందా? వైజాగ్ వాళ్లు మీరు చూసింది చెప్పండి

ఉప్పుగాలి (పెదవాల్తేరు) | ఆదివారం, రాత్రి 9:40

పొద్దున బీచ్ రోడ్డులో నడక అయ్యాక టీ కొట్టు దగ్గర గొడవైంది. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు పెద్దాయన ఉన్నారు. "99 రూపాయలకి క్వార్టర్ ఇస్తే తాగక ఏం చేస్తారయ్యా, 500 చెయ్యమను, దెబ్బకి మానేస్తారు" అన్నారు. నేను కాదన్నాను. మాటామాటా పెరిగింది. టీ చల్లారింది. డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.

ఎందుకు కాదన్నానంటే, ఇసుకతోట వైపు నాకు చిన్న టిఫిన్ బండి ఉంది. దోసె మాస్టర్ తొమ్మిదేళ్లుగా నాతోనే ఉన్నాడు. పెనం మీద నీళ్లు చిలకరించి, చుయ్‌మన్న చప్పుడు విని వేడి చెప్పేస్తాడు. అలాంటి చెయ్యి. రోజూ తాగుతాడు. అతని అడ్వాన్సులు రాసే ఎర్ర అట్ట పుస్తకం నా గల్లాపెట్టెలోనే ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం కూర్చుని పాత పేజీలు తిరగేశాను.

2019లో సాయంత్రం వెళ్తూ వంద పట్టుకెళ్లేవాడు. మిగిలిన కూలి శనివారం ఒకేసారి. శనివారం వాళ్లావిడ వచ్చి బండి పక్కన నిలబడేది, ఆమె చేతికే ఇచ్చేవాణ్ని. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచి, మొదటిరోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచారు కదా. (ఆ వారంలోనే వెంకటాపురం గ్యాస్ లీకు. అందుకే నాకు తేదీలు గుర్తు.) బండి మళ్లీ పెట్టాక పుస్తకం చూస్తే రోజూ 200, 250. శనివారానికి మిగిలేది సున్నా. రెండు వారాలు తిరిగి నాకే బాకీ. అంటే సీసా అదే, ఖర్చు రెట్టింపు.

ఇక 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు వచ్చాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. ఇప్పుడైనా వందకి దిగుతాడనుకున్నా. దిగలేదు. అదే 200 పట్టుకెళ్తున్నాడు. ఇప్పుడు రెండు క్వార్టర్లు.

ఎక్కేటప్పుడు తగ్గలేదు, దిగేటప్పుడు పెరిగింది. ఇదేం లెక్కో ఎవరైనా చెప్పండి.

సింగిల్_టీ (మద్దిలపాలెం) | ఆదివారం, రాత్రి 9:52

తాగేవాడు వెయ్యి చేసినా తాగుతాడు. పనికిరాని చర్చ.

జగదాంబ_సెంటర్ | ఆదివారం, రాత్రి 10:05

రేటు పెంచేది తాగుడు తగ్గించడానికని మీకెవరు చెప్పారు బాబూ? ఖజానా చిల్లులు పూడ్చుకోవడానికి. 2024లో షాపుల లాటరీకి దరఖాస్తు రుసుమే 2 లక్షలు. షాపు దక్కకపోయినా తిరిగి రాదు. 3,396 షాపులకి 90 వేల దాకా దరఖాస్తులు పడ్డాయి. గుణించుకోండి, ఒక్క సీసా అమ్మకుండానే 1,800 కోట్ల దాకా. ఇంత డబ్బు పెట్టి షాపు తెచ్చుకున్నవాడు మీ మాస్టర్ మానెయ్యాలని దేవుడికి మొక్కుతాడా?

లెక్కల_మాస్టారు (సీతమ్మధార) | ఆదివారం, రాత్రి 10:31

ఉప్పుగాలి గారు, మీ ఎర్ర పుస్తకం బంగారం. పారెయ్యకండి.

సింగిల్_టీ గారు అన్నంత తేలిక కాదు. ధరకీ తాగుడికీ ఉన్న సంబంధం మీద ప్రపంచంలో బోలెడంత పని జరిగింది. 2009లో 112 అధ్యయనాలను కలిపి చూసిన పెద్ద సమీక్ష ఒకటి వచ్చింది. ధర 10 శాతం పెరిగితే మొత్తం తాగుడు సుమారు 5 శాతం తగ్గుతుందని తేలింది. అయితే బాగా ఎక్కువ తాగేవాళ్లలో ఆ తగ్గుదల 3 శాతం లోపే. అంటే మీ మాస్టర్ లాంటివాళ్లు అందరికంటే తక్కువ కదులుతారు. ఊరు మొత్తం లెక్కలో ధర పనిచేస్తుంది, మీ బండి దగ్గర పెద్దగా కనపడదు. రెండూ నిజమే.

మీరు అడిగిన తమాషా గురించి. ఫిన్లాండ్‌లో 2004లో మద్యం పన్ను సగటున మూడో వంతు తగ్గించారు. కారణం వింటే నవ్వొస్తుంది. పక్కనున్న ఎస్టోనియాలో సరుకు చవక. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరుతోంది కాబట్టి జనం ఓడెక్కి వెళ్లి తెచ్చేసుకుంటారని భయం. పుదుచ్చేరి కింద ఉన్న మన యానాం కథే, కాకపోతే మధ్యలో సముద్రం. పన్ను తగ్గించిన ఏడాదే లివర్ జబ్బు చావులు పెరిగాయి. చవకైతే ముందు మునిగేది ఇప్పటికే పీకల్లోతు ఉన్నవాడు. మీ మాస్టర్ రెండో క్వార్టర్ అదే.

కాబట్టి పెంచితే తగ్గుతుందా అన్నది ఒక ప్రశ్న, తగ్గిస్తే పెరుగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి నా జవాబు ఖాయంగా అవుననే.

గాజువాక_పిన్ని | సోమవారం, ఉదయం 6:10

నేను ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. రాత్రి ఇది చూసి నిద్ర పట్టలేదు.

మాస్టారూ, మీ 3 శాతం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా బియ్యం డబ్బాలోంచి.

మా వారు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని. మనిషి చెడ్డవాడు కాదు, తాగనప్పుడు పిల్లల జడలు కూడా వేసేవారు. 2020లో రేటు పెరిగిన మొదటి నెల సిలిండర్ బుక్ చెయ్యలేదు, పక్కింటివాళ్ల కరెంటు పొయ్యి మీద వండాను. రెండో నెల పాప ట్యూషన్ ఆపేశాం. ఆ తర్వాత నా పుస్తెల తాడులో గుండ్లు. ఒక్కోటీ. తాడు బరువు తగ్గుతుంటే మెడకి తెలుస్తుందండీ. ఆయన తాగింది మాత్రం ఒక్క చుక్క తగ్గలేదు. రేటు పెంచితే మొగుడు మానేస్తాడు అనేవాళ్లు ఎప్పుడైనా ఇంటి ఖర్చు రాశారా?

కానీ ఒక్క మాట నిజంగా చెప్పాలి. అంతకుముందు మా వీధి చివర కిళ్లీ కొట్టులో బెల్టు షాపు ఉండేది. రాత్రి పదకొండు గంటలకి తలుపు కొట్టినా ఇచ్చేవాడు. 2019లో అది పోయింది. మా వైపు వైన్ షాపు కూడా ఒకటి ఎత్తేశారు. అప్పట్నించి ఆయన కూర్మన్నపాలెం దాకా వెళ్లి లైన్లో నిలబడాలి. రెండో షిఫ్టు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు, వర్షం పడిన రోజు, "పోనీలే" అని పడుకునేవారు. వారంలో ఒకటి రెండు రోజులు అలా దక్కేవి. రేటు నాకు ఇవ్వనిది ఆ దూరం ఇచ్చింది.

ఇప్పుడు మళ్లీ ఆ కిళ్లీ కొట్టు వెనకాల లైటు వెలుగుతోంది.

రుషికొండ_రాజా | సోమవారం, ఉదయం 8:20

పిన్నిగారు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నాది వేరే కేసు. నేను 2020లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. 21 నిండాలని చట్టం, మా గ్యాంగ్‌లో ఎవరికీ నిండలేదు, అయినా సీనియర్లు తెచ్చిపెట్టేవాళ్లు. అది వదిలెయ్యండి. రేట్లు పెరిగాక మా సిట్టింగులు నిజంగా సగమయ్యాయి. బీరు, మంచింగు, ఆటో, అన్నీ కలిపి మనిషికి పడే వాటా చూసి "బిర్యానీ తిందాంరా" అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. నా రూమ్మేట్ అయితే అలవాటే చేసుకోలేదు. ఇప్పటికీ తాగడు. వాడి లివర్‌కి 2020 రేట్ల పట్టిక ఫ్రేము కట్టి ఇవ్వాలి.

కాబట్టి రేటు పనిచెయ్యదంటే నేను ఒప్పుకోను. అలవాటు లేనివాడి మీద పనిచేస్తుంది.

లెక్కల_మాస్టారు (సీతమ్మధార) | సోమవారం, ఉదయం 8:47

రాజా, లెక్కల పరిభాషలో నువ్వు చెప్పిందే వంద పేజీలు రాస్తారు.

పిన్నిగారూ, క్షమించండి. మీరన్నది పుస్తకాల్లోనూ ఉంది. స్కాట్లండ్‌లో 2012లో ఒక చట్టం చేశారు, యూనిట్‌కి (అంటే 10 మిల్లీ శుద్ధమైన ఆల్కహాల్‌కి) ఇంత కంటే తక్కువకి మద్యం అమ్మకూడదని. విస్కీ కంపెనీలవాళ్లు కోర్టుకెక్కి ఆరేళ్లు ఆపారు. చివరికి 2018 మే 1న అమల్లోకి వచ్చింది, యూనిట్‌కి 50 పెన్నీలు. 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం నేరుగా మద్యం వల్ల జరిగే చావులు, చట్టం లేకపోతే ఉండేవాటితో పోలిస్తే, 13.4 శాతం తగ్గాయి. ఎక్కువ మేలు పేదల పేటల్లోనే. కానీ పూర్తిగా బానిసలైనవాళ్లు తాగుడు తగ్గించినట్టు గట్టి ఆధారం దొరకలేదు. వాళ్లలో కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని సీసా కొన్నారు. అక్కడా బియ్యం డబ్బానే.

సరదాకి ఒక లెక్క. మన క్వార్టర్ 180 మిల్లీ, అందులో 42.8 శాతం స్పిరిట్. అంటే శుద్ధమైన ఆల్కహాల్ సుమారు 77 మిల్లీ. వాళ్ల యూనిట్ 10 మిల్లీ. కాబట్టి మన క్వార్టర్‌లో దాదాపు 7.7 యూనిట్లు. 50 పెన్నీల చొప్పున దాదాపు 3.85 పౌండ్లు, మన డబ్బుల్లో 400 పైనే. మన దగ్గర 99. వాళ్ల కూలీ వేరు, మన కూలీ వేరు, నాకు తెలుసు. ఊరికే పక్కపక్కన పెట్టి చూపిస్తున్నా. 2024 సెప్టెంబర్ నుంచి వాళ్లు దాన్ని 65 పెన్నీలు చేశారు.

జగదాంబ_సెంటర్ | సోమవారం, ఉదయం 9:15

మాస్టారూ, ఆ ఎక్కువ డబ్బు ఎవరి జేబులోకి పోయింది? అది చెప్పండి.

లెక్కల_మాస్టారు (సీతమ్మధార) | సోమవారం, ఉదయం 9:40

మంచి ప్రశ్న. కనీస ధర పెడితే పెరిగిన సొమ్ము అమ్మేవాడికీ తయారీదారుకీ పోతుంది, ప్రభుత్వానికి కాదు. పన్ను పెంచితే ప్రభుత్వానికి. అందుకే కనీస ధరని తిట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ ఒక తేడా చూడండి. పన్ను వస్తుంటే ప్రభుత్వానికి ఆ సీసా మీద ఆశ పుడుతుంది. రాష్ట్ర బడ్జెట్ లెక్క వేసేవాడికి జనం తగ్గించి తాగితే బెంగ.

వీరఅభిమాని_99 | సోమవారం, ఉదయం 10:02

ఇంత చర్చ ఎందుకు, సర్వేలే చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో తాగే మగవాళ్లు 23 శాతం, తెలంగాణలో 43. 75 శాతం రేటు పెంచిన ఫలితం అది. ఒప్పుకోవడానికి కొందరికి పార్టీ అడ్డొస్తోంది.

లెక్కల_మాస్టారు (సీతమ్మధార) | సోమవారం, ఉదయం 10:20

అంకెలు సరైనవే. కానీ ఆ సర్వేవాళ్లు మన రాష్ట్రంలో ఇల్లిల్లూ తిరిగింది 2019 రెండో సగంలో. రేటు 75 శాతం పెరిగింది 2020 మేలో. కొడుకు పుట్టకముందే అన్నప్రాశన చేస్తున్నారు మీరు.

ఇంకొకటి. ఇంటికొచ్చి "మీరు తాగుతారా" అని అడిగితే, వెనకాల భార్య నిలబడి ఉంటే, ఎంతమంది అవునంటారు?

వేదిక_కాపలా | సోమవారం, ఉదయం 10:24

పార్టీల పేర్లు, నాయకుల పేర్లు తెస్తే పోస్టు తీసేస్తాను. ఇక్కడ సీసా గురించే మాట్లాడండి.

మన్యం_మిరియం (చింతపల్లి) | సోమవారం, మధ్యాహ్నం 1:10

సిగ్నల్ ఇప్పుడే వచ్చింది. మీరంతా షాపు రేటు మాట్లాడుకుంటున్నారు. మా వైపు షాపు రేటుకి పోటీ నాటుసారా.

2020లో సీసా రేటు పెరిగిన రెండు నెలలకే మా సంతలో నల్లబెల్లం కొనే ముఖాలు మారిపోయాయి. ముందు నాలుగు బుట్టలు తీసుకునే చోట నలభై అడిగేవాళ్లు. అనకాపల్లి బెల్లం అంటే మీకు పరమాన్నం గుర్తొస్తుంది, మాకు సారా ఊట డ్రమ్ములు గుర్తొస్తాయి. గెడ్డ (వాగు) పక్కన పొదల్లో నీలం డ్రమ్ము కనపడితే దగ్గరికి వెళ్లక్కర్లేదు, వాసనే చెబుతుంది. పోలీసులు వచ్చి ఊట పారబోస్తారు, ఫోటో పేపర్లో వస్తుంది, వారం తిరక్కుండా ఇంకో గెడ్డ. ఒడిశా సరిహద్దు అవతలి నుంచి సీసాలు కూడా బైకు మీద దిగేవి.

జీలుగు కల్లు వేరే సంగతి. అది చెట్టు దించినప్పుడే ఉంటుంది, సీజన్ అయితే లేదు. మా తాతలు తాగింది అది. అది తాగి ఇల్లు గుల్లచేసుకున్నవాణ్ని నేను చూడలేదు. సారా తాగి చూశాను.

ప్రకాశం జిల్లా కురిచేడులో 2020 జూలై ఆఖర్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు, గుర్తుందా? షాపులు మూశారు, రేటు అందలేదు, దొరికింది తాగారు. తర్వాత సెప్టెంబర్‌లో ప్రభుత్వమే తక్కువ రకం సీసాల రేటు తగ్గించింది. పేదవాళ్లు సారాకీ శానిటైజర్‌కీ పోతున్నారనే కారణంతోనే. రేటుకి పైన ఎంతైనా ఉండొచ్చు అనుకోకండి. సారా గ్లాసు ఎంతకి దొరుకుతుందో అదే దాని హద్దు.

పాత_పోస్టాఫీసు (వన్ టౌన్) | సోమవారం, మధ్యాహ్నం 3:35

నాకు 74. నేను చూసింది కొంత చెప్తాను, విసుగైతే దాటెయ్యండి.

సారా వద్దని లేచింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, అక్కడి మాటలే ఉద్యమం అయ్యాయి. రోశమ్మగారి పేరు అప్పట్లో మా సార్టింగు గదిలో కూడా వినపడేది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధించారు. 1995 జనవరిలో రామారావుగారు మొత్తం మద్యమే ఆపేశారు. 1997లో ఎత్తేశారు.

ఆ రెండేళ్లు వైజాగ్ ఎలా ఉండేదనుకున్నారు? కాంప్లెక్సులో కాకినాడ బస్సు దిగే ప్రయాణికుల సంచులు బరువుగా ఉండేవి. పైన చీర, కింద యానాం సరుకు. ఇక మనది నేవీ ఊరు. క్యాంటీన్ సీసా ఒకటి పుట్టించగలిగినవాడికి పెళ్లిళ్లలో పెళ్లికొడుకు తండ్రి కంటే మర్యాద ఎక్కువ. డబ్బున్నవాడికి ఏ లోటూ రాలేదు.

కానీ నేను కళ్లారా చూసింది ఇంకోటి కూడా ఉంది. నేను అప్పుడు సేవింగ్స్ కౌంటర్‌లో కూర్చునేవాణ్ని. హార్బర్ వైపు బస్తీల ఆడవాళ్లు రికరింగ్ డిపాజిట్ కట్టడానికి రావడం మొదలుపెట్టింది ఆ నిషేధం రోజుల్లోనే. పది, ఇరవై రూపాయలు. నోట్లు చేపల వాసన వేసేవి, మా క్లర్కు ఒకాయన కాగితంతో పట్టుకుని లెక్కపెట్టేవాడు. 1997 తర్వాత ఆ పుస్తకాలు ఒక్కొక్కటే మధ్యలో ఆగిపోయాయి. ఎవరూ దాన్ని సర్వే చెయ్యలేదు. నేను స్టాంపు వేశాను కాబట్టి నాకు తెలుసు.

సింగిల్_టీ (మద్దిలపాలెం) | సోమవారం, సాయంత్రం 4:02

తాతగారూ, పనికిరాని చర్చ అన్నాను. వెనక్కి తీసుకుంటున్నా.

రాత్రి_డ్యూటీ | సోమవారం, సాయంత్రం 6:50

నేను మానసిక వైద్యంలో నర్సుని. ఏ ఆస్పత్రో చెప్పను. డ్యూటీకి వెళ్లేముందు నాలుగు మాటలు.

"500 చెయ్యండి, దెబ్బకి మానేస్తారు" అన్న బ్యాంకు పెద్దాయనకి చెప్పండి, ఏళ్లతరబడి రోజూ తాగేవాడు దెబ్బకి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చి ఆఖర్లో షాపులు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు మేం చూశాం. మొదటిరోజు చేతుల వణుకు, చెమటలు, నిద్ర ఉండదు. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పుతుంది. మంచం మీద లేని దారాన్ని వేళ్లతో లాగుతూ కూర్చుంటారు. ఒకాయన రాత్రంతా దుప్పటి మీది చీమలు ఏరి నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్తమ్మా, కుడతాయి" అన్నాడు. దుప్పటి మీద ఒక్క చీమా లేదు. నేను రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. అలా తీసుకోకపోతే ఇంకా భయపడతారు. మూడో రోజు తేరుకుని నా మొహం గుర్తుపట్టలేదు.

వీళ్లకి మందులున్నాయి, బి1 విటమిన్ ఉంది, వారం పది రోజుల్లో చాలామందికి ఒంటి వణుకు దిగుతుంది. ఆ తర్వాత మనసుకి పట్టిన అలవాటు మీద నెలల తరబడి పని. జబ్బుని జబ్బులా చూస్తే నయమయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ వచ్చేదెవరు? ఎయిమ్స్ వాళ్లు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. రేటు పెంచితే వచ్చే డబ్బులో కొంతైనా మిగతా 37 మంది మీద పెడితే అప్పుడు నేనూ రేటు పెంచమంటాను. లేకపోతే అది తాగేవాడి ఇంటి మీద పన్ను, అంతే.

ఫోన్‌లో మాట్లాడాలంటే 14416 టెలీ మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

గాజువాక_పిన్ని | సోమవారం, రాత్రి 8:15

సిస్టర్, మా వారు ఒకసారి అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. దేవుడికి కోపం వచ్చిందని మా అత్తగారు శాంతి చేయించారు. మాల తీసేసి మళ్లీ తాగాక తగ్గింది. ఆ తర్వాత మానమని గట్టిగా అనాలంటేనే నాకు భయం. ఇన్నేళ్లకి ఇవాళ అర్థమైంది.

రాత్రి_డ్యూటీ | సోమవారం, రాత్రి 8:31

పిన్నిగారూ, అది దేవుడి కోపం కాదు. ఫిట్స్ ఒకసారి వచ్చాయి కాబట్టి ఆయన ఇంట్లో సొంతంగా మానకూడదు. డాక్టర్ దగ్గరే మానాలి. ఈ మాట కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

జగదాంబ_సెంటర్ | సోమవారం, రాత్రి 9:00

నిన్న నేను వెటకారం చేసిపోయాను, ఇవాళ ఒక పని చేశాను. మా షాపింగ్ కాంప్లెక్సు వాచ్‌మన్ని అడిగాను, 99 వచ్చాక ఎంత తాగుతున్నావని. "సార్, ముందు ఇద్దరం కలిసి ఒక క్వార్టర్ కటింగ్ వేసుకునేవాళ్లం. ఇప్పుడు ఎవడిది వాడిదే" అన్నాడు. మాస్టారూ, ఇది మీ ఫిన్లాండ్.

అయినా నా అనుమానం నాకుంది. పెంచిన పన్నులో ఒక్క రూపాయి కూడా వైద్యానికి పోదు. నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ఏ పేరుతో వసూలు చేసినా అన్నీ ఒకే చెరువులో పడతాయి, ఏ కాలవకి వదలాలో వేరేవాళ్లు చూసుకుంటారు.

మన్యం_మిరియం (చింతపల్లి) | సోమవారం, రాత్రి 9:12

పిన్నిగారు చెప్పిన బెల్టు షాపు మాట ఎవరూ పట్టించుకోలేదు. నాకైతే ఈ మొత్తంలో అదే పెద్ద మాట. 2019కి ముందు 4,380 షాపులుండేవి, ముందు 3,500కి, 2020లో 2,934కి తగ్గించారు. షాపుకి దూరం పెరిగింది, రేటూ పెరిగింది. రెండూ ఒకేసారి చేసేసరికి ఏది పనిచేసిందో తేల్చలేం. మా ఊళ్లో ఆడవాళ్లు కర్రలు పట్టుకుని బెల్టు షాపు మూయించిన ఆర్నెల్లు సాయంత్రాలు ప్రశాంతంగా ఉండేవి. అప్పుడు సీసా రేటు మారలేదు.

లెక్కల_మాస్టారు (సీతమ్మధార) | సోమవారం, రాత్రి 9:25

ఒప్పుకుంటున్నాను. ధర గురించి పుస్తకాలు చదివిన మత్తులో దూరాన్ని తక్కువగా చూశాను. పిన్నిగారికి వారంలో దక్కిన ఒకటి రెండు రోజులు నా 3 శాతం కంటే ఎక్కువ.

ఒక్కదాని మీద మాత్రం వెనక్కి తగ్గను. 99 సీసా పొరపాటు. ఉన్న రేటు పెంచడం కష్టం, రాజకీయం, సారా భయం, అన్నీ అర్థమవుతాయి. కానీ ఉన్నదాన్ని తగ్గించి అమ్మడం వేరు. రాజా రూమ్మేట్ లాంటి కుర్రాళ్లు ఈ ఏడాదీ కాలేజీల్లో చేరారు.

ఉప్పుగాలి (పెదవాల్తేరు) | మంగళవారం, రాత్రి 10:40

ఇవాళ జరిగింది చెప్తా.

పొద్దున ఐదున్నరకి పిండి కలుపుతుంటే మాస్టర్ చేతులు చూశాను. తొమ్మిదేళ్లుగా చూస్తున్న చేతులే. గరిటె అంచు గిన్నెకి టకటకా తగులుతోంది. ఇన్నాళ్లూ అది హుషారు అనుకున్నాను. సిస్టర్ రాసింది చదివాక ఆ చప్పుడు వేరేగా వినపడింది.

బేరం సద్దుమణిగాక కూర్చోబెట్టి ఎర్ర పుస్తకం చూపించాను. 2019 పేజీ, 2020 పేజీ, మొన్నటి పేజీ. తిడతాడనుకున్నా. చాలాసేపు చూసి, "ఇది నా రాత కాదు కదా, మీ రాతే కదా" అన్నాడు. అవునన్నాను. "ఇంత ఉందా" అన్నాడు. కూలి సగం వాళ్లావిడ ఫోన్‌కి పంపిస్తానంటే మాత్రం కోపం వచ్చింది. ఏప్రన్ తీసి బల్ల మీద కొట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం మిర్చిబజ్జీ నేనే వేశాను. సగం మాడాయి. వచ్చినవాళ్లు మొహమాటానికి తిన్నారు.

ఎనిమిదింటికి తిరిగి వచ్చాడు. తాగే వచ్చాడు. "ఆస్పత్రికి వస్తాను గానీ మా ఆవిడకి చెప్పకండి" అన్నాడు. గురువారం బండి కట్టేసి చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి తీసుకెళ్దామనుకుంటున్నా. సిస్టర్, పరగడుపున రావాలా? ముందురోజు తాగకుండా ఆపాలా?

రాత్రి_డ్యూటీ | బుధవారం, ఉదయం 5:55

డ్యూటీ దిగుతున్నా. పరగడుపు అక్కర్లేదు, ఇడ్లీ తినిపించి తీసుకెళ్లండి. ముందురోజు మీరు బలవంతంగా ఆపకండి. ఆఖరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో గుర్తుపెట్టుకుని డాక్టర్‌కి చెప్పండి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అడగండి. ఆధార్, ఏవైనా మందులు వాడుతుంటే ఆ చీటీలు తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్తే లైను తక్కువ. ఎర్ర పుస్తకం కూడా పట్టుకెళ్లండి, డాక్టర్లకి అంత మంచి చరిత్ర ఎవరూ రాసివ్వరు.

వాళ్లావిడకి చెప్పొద్దన్నాడు కదా, సరే అనండి. లోపలికి వెళ్లాక వాళ్లే అడుగుతారు, అప్పుడు అతనే చెప్తాడు. సాధారణంగా చెప్తారు.

గాజువాక_పిన్ని | బుధవారం, ఉదయం 6:20

బాబూ, గురువారం ఎన్నింటికి వెళ్తున్నారు? మా వారికి ఆ రోజు రెండో షిఫ్టు. వస్తారని చెప్పను. అడిగి చూస్తాను.

ఉప్పుగాలి (పెదవాల్తేరు) | బుధవారం, ఉదయం 6:34

ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉంటాం పిన్నిగారూ. పచ్చ చారల చొక్కా నేను. రండి, రాకపోయినా ఏమీ అనుకోను.